సైదమ్మ ఇయ్యని రెమ్మ

మీర్‌పేటలో అన్నమ్మ ఇంటి మేడమీద ఆ ఏడు డిసెంబర్ పూలు మొగ్గ తొడిగాయి. ముదురు ఊదా రంగు, నేరేడు పళ్లు తిన్న నాలుకలాగా. గడ్డిఅన్నారం మార్కెట్ ఉన్ననాటి పండ్ల పెట్టెలో ఎర్రమట్టి, ఇసుక కలిపి నాటింది. మిట్టమధ్యాహ్నపు ఎండకు రంగు వెలిసిపోతుందని పాత చీర పందిరి కట్టింది. చూస్తే ఎవరైనా మెచ్చుకునేవాళ్లే. కానీ అన్నమ్మ ఎవర్నీ మేడెక్కనివ్వలేదు.

ఆ మొక్క ఆమెది కాదు మరి.

పక్కింటి సైదమ్మ గడప పక్కన, కుండీలో ఉండేది తల్లిచెట్టు. అడిగితే ఒక్క రెమ్మ ఇచ్చేది కాదు. "నా పాణం అడుగు వదినా, ఇస్త. గిది మాత్రం ఇయ్య," అని నవ్వేది. వానలు మొదలయ్యే వేళకు సైదమ్మకు జబ్బు చేసింది. ఎల్బీనగర్ దవాఖానకు తిరగడానికి దగ్గరని దిల్‌సుఖ్‌నగర్‌లో కూతురు సంధ్యారాణి ఇంటికి పోయింది. పోతూ గేటు తాళంచెవి అన్నమ్మ చేతిలో పెట్టింది.

"జర నీళ్లు పొయ్యి వదినా. సజ్జ కింద ఉన్నది, వాన తగలది."

దొంగిలించిన కొమ్మయితేనే బాగా బతుకుతుందని ఆడవాళ్లం అనుకుంటాం కదా. అన్నమ్మ కూడా నవ్వుకుంటూనే మూడు కొమ్మలు విరిచింది. అంతవరకైతే దేవుడు కూడా నవ్వి ఊరుకునేవాడేమో. కొమ్మలు వేరు పట్టాక, తల్లిచెట్టుకు నీళ్లు పోయడం మానేసింది. రెండిళ్లలో ఒకే పువ్వు పూస్తే ఇక తనదేం గొప్ప?

సైదమ్మ ఫోన్‌లో అడిగేది. "నా చెట్టెట్లున్నది వదినా?"

"మంచిగున్నది."

నవంబరు చివర సైదమ్మ పోయింది. దినాలకు ముందురోజు సంధ్యారాణి వచ్చి, కుండీలో ఎండుపుల్లను చూసి నిలబడిపోయింది.

"పొయ్యేముందు అమ్మ గీ పూలే అడిగింది అత్తా. రేపు ఫొటోకు వేద్దామనుకున్న. ఎక్కడన్న దొరుకుతయా?"

పక్క మేడమీద పెట్టెనిండా మొగ్గలు. అన్నమ్మ నేల చూపులు చూసింది. "ఎక్కడియి బిడ్డా... గా రంగు యాడ దొరకది."

సంధ్యారాణి ఆమె చేయి పట్టుకుంది. "పోనీలే అత్తా. ఇన్ని నెలలు చూసుకున్నవ్, గంతే చాలు."

చెంపమీద కొట్టినా అంత మండేది కాదు.

ఆ సాయంత్రం ప్రార్థన మధ్యలోనే ఆపేసింది. మొగ్గలన్నీ కోసుకుపోయి ఉన్నమాట చెప్పేద్దామని లేచింది. వీధిదీపాలు వెలిగే వేళ. మెట్లు సగం ఎక్కేసరికి వినబడింది.

నీళ్లు పోస్తున్న చప్పుడు.

మేడమీద కుళాయి లేదు. బిందె ఎవరూ మోయలేదు.

తడిమట్టి వాసన. దాని వెనకే, చాన్నాళ్లు మూసి ఉంచిన ఇంటి వాసన... పందిరి కింద ఎవరో ముసలామె. వీపు ఇటు. తెల్లజుట్టు ముడి. ఒక్కొక్క మొగ్గే తుంచి కొంగులో వేసుకుంటోంది.

"వదినా..." అన్నమ్మ చివరి మెట్టు ఎక్కింది. "తప్పయింది..."

చేయి ఆగింది. తల తిరగలేదు.

పందిరి చీర గాలికి జారి, మళ్లీ లేచింది. ఎవరూ లేరు. చెట్టుకు ఒక్క మొగ్గ లేదు.

తెల్లారగానే ఉత్తచేతులతో దిల్‌సుఖ్‌నగర్‌కు ఆటో ఎక్కింది. తలుపు తీసిన సంధ్యారాణి ఆమెను చూసి బిగుసుకుపోయింది. వెనక గోడమీద సైదమ్మ ఫొటో. ఫొటోకు, అప్పుడే విచ్చిన ముదురు ఊదా దండ.

అన్నమ్మ గడప బయటే కూలబడింది. "బిడ్డా, మీ అమ్మ చెట్టును నేనే ఎండబెట్టిన. నీకు అబద్ధం..."

"చెప్పినవ్ కదా అత్తా." సంధ్యారాణి వెనక్కి తిరిగి లోపలి గదివైపు చూసింది. "రాత్రి పూలు తెచ్చి, నా కాళ్లమీద పడి అంత చెప్పినవ్. ఎంత సముదాయించినా ఏడుపు ఆపకపోతివి. లోపలి అర్రల పండుకోబెట్టిన." ఆమె మెల్లగా గడప దాటి బయటికి వచ్చింది. "మరి నువ్వు... బయటికెల్లి ఎట్ల వస్తున్నవ్?"

లోపలి గదిలోంచి ఏడుపు మొదలైంది. సన్నగా... ఆగి ఆగి.

అన్నమ్మ రెండు చేతులతో తన నోరు మూసుకుంది. అయినా ఆ గొంతు తనదే.