కిషోర్ కంప్యూటర్స్ మేడమీద చప్పుడు

ముత్తుకూరు బజారులో టైలరు కొట్టుకీ సిమెంటు గోడౌనుకీ మధ్య ఇరుకుగా ఒక మెట్లదారి ఉంది. పైన ఒకటే గది. కిటికీ అద్దాలకి లోపలినుంచి నల్లకాగితం అతికించి ఉంటుంది. బోర్డు మీద 'కిషోర్ కంప్యూటర్స్' అన్న అక్షరాలు సగం రాలిపోయినాయి.

పొద్దుగూకినాక ఆ మెట్ల పక్కన ఎవరూ బండి కూడా ఆపరు. శుక్రవారమైతే మరీను. లోపల తుపాకులు పేలతాయంటారు. ఏదో జంతువు గుర్రుమంటుందంటారు. పెద్ద ఇనుప తలుపు గరగరమంటూ పైకి లేస్తుందంటారు... ఆ గదికి ఉన్నది చెక్క తలుపు.

కిషోర్ బాబు చనిపోయి ఇరవై ఏళ్లు దాటింది. ఆ రోజుల్లో మా ఊరికి మొదటి కంప్యూటర్ సెంటరు అతనిదే. పగలు టైపింగు, పరీక్షల రిజల్ట్స్. సాయంత్రమైతే ఆట — చీకటి వసారాల్లో తిరుగుతూ రాక్షసుల్ని కాల్చే ఆట. అప్పటిదాకా కంప్యూటర్ ఆటంటే బొమ్మ మనిషిని పక్కనుంచి చూస్తూ నడిపించడమే మా పిల్లకాయలకి తెలుసు. ఇందులో మనిషి కనపడడు. తెర అడుగున తుపాకి పట్టుకున్న చేతులే కనపడతాయి. అవి మన చేతులే... లోపల ఉన్నది మనమే. ఇప్పటి తుపాకి ఆటలన్నీ దాన్ని చూసి నేర్చుకున్నవే అంటారు. దానికోసం నెల్లూరు నుంచి కూడా బస్సెక్కి వచ్చేవాళ్లంట.

ఇరవై రెండేళ్లకే పోయినాడు. కృష్ణపట్నం రోడ్డులో స్కూటరు మీద వస్తుంటే, వెనకనుంచి లారీ.

ఈ సంగతి నాకు చెప్పింది అతని చెల్లెలు ఏంజెలిన్ అక్క. మేమిద్దరం ఒకే ఆస్పత్రిలో నర్సులం. అన్న పోయేనాటికి ఆమెకి పదకొండేళ్లు. ఇప్పుడు ఇంట్లో ఆమె, వాళ్ల నాయన సమాధానంగారు, ఇద్దరే. మేడ తాళం ఆయన దగ్గరే ఉంటుంది. ఆ సామాను అమ్మేద్దాం నాయనా అని అక్క ఎప్పుడన్నా అంటే, అన్నం ముందునుంచి లేచిపోతాడు.

పోయిన నవంబరులో వాయుగుండం పట్టిన వారం. శుక్రవారం. అక్క డ్యూటీ దిగేసరికి రాత్రి పది దాటింది. శుక్రవారాలు నాయన చర్చిలో రాత్రి ప్రార్థనకి పోతాడు కాబట్టి అక్కకి తొందరేం లేదు. బజారులోకి వచ్చేసరికి వాన దంచింది. స్కూటీ ఆగిపోయింది. తల దాచుకోవడానికి దగ్గర్లో ఆ మెట్ల మీది రేకు తప్ప ఇంకేం లేదు.

నిలబడింది.

కాసేపు వాన చప్పుడే. తర్వాత... పైనుంచి — ఢాం.

ఢాం... ఢాం. ఏదో గుర్రుమని నేల కూలినట్టు. ఆ వెంటనే ఇనుము ఇనుము మీద రాసుకుంటూ తలుపు లేస్తున్న చప్పుడు.

"పారిపోదామనే అనుకున్నా," అంది నాతో. "అప్పుడు ఒకటే అనిపించింది... నిజంగా మా అన్నే అయితే, నాకెందుకు భయం?"

మెట్లెక్కింది. నాలుగు మెట్లు... ఎనిమిది... పైమెట్టు మీదికి వచ్చేసరికి తలుపు సందులోనుంచి సన్నని వెలుగు. ఎర్రగా వెలిగి, ఆరి, మళ్లీ వెలుగుతోంది.

లోపలినుంచి గుసగుస.

"వెనక... వెనక చూసుకో..."

అక్క గిర్రున వెనక్కి తిరిగింది.

చీకటి. వాన. ఎవరూ లేరు.

"వెనక చూసుకో అబ్బయ్యా..."

అప్పుడు గుర్తుపట్టింది ఆ గొంతు. తలుపు తోసింది.

గదిలో ఒక్కటే కంప్యూటరు. దాని ముందు ప్లాస్టిక్ కుర్చీలో, తడిసిన తువ్వాలు భుజాన వేసుకుని, సమాధానంగారు.

"నాయనా..."

ఆయన ఉలిక్కిపడలేదు. తెరమీదనుంచి కళ్లు తిప్పలేదు. "తలుపేసెయ్యమ్మా. జల్లు కొడుతుంది," అన్నాడు.

తెరమీద ఎవరో పరుగెత్తుతున్నారు. గోడలు పక్కలకి తప్పుకుంటున్నాయి. తుపాకి పేలుతోంది. కానీ కీబోర్డు మీద ఎవరి చెయ్యీ లేదు. నాయన చేతులు రెండూ ఒళ్లోనే ఉన్నాయి.

అక్క తలుపు మూసింది. "ఎవరు... ఎవరు ఆడుతున్నారు?"

"మీ అన్న."

తర్వాత మెల్లిగా చెప్పినాడు. ఎవరూ మీట నొక్కకుండా వదిలేస్తే, రికార్డు చేసిపెట్టిన ఆటని అదే చూపిస్తుందంట. కిషోర్ తన ఆటనొకదాన్ని అట్లా రికార్డు చేసి పెట్టిపోయినాడు. అతను నొక్కిన ప్రతి మీటా అందులో ఉంది. ఎక్కడ ఆగినాడో, ఎక్కడ దారి తప్పినాడో, ఎక్కడ తొందరపడినాడో — అంతా. ఫోటోలో నిలబడి ఉంటాడు, ఇక్కడ కదులుతాడు.

"అదిగో చూడు, ఆ తలుపు దగ్గర కాసేపు ఆగుతాడు. ఎందుకో తెలియదు. నువ్వేమన్నా పిలిచినావేమో అప్పుడు," అన్నాడు నాయన.

అన్నానికి రమ్మని అక్కే మెట్లెక్కి వచ్చేది ఆ రోజుల్లో.

తెర అడుగున, ఆటలోని మనిషిదంట, చిన్న ముఖం బొమ్మ ఒకటి అటూ ఇటూ చూస్తోంది. ఎడమకి... కుడికి.

"ఇప్పుడొస్తుంది మలుపు," నాయన ముందుకి వంగినాడు. "వెనక గోడ లేస్తుంది. దాంట్లోనుంచి రాక్షసుడు వస్తాడు. వీడు చూసుకోడు."

ఇనుము రాసుకున్న చప్పుడు. కిషోర్ ముందుకే చూస్తున్నాడు.

అక్క తనకి తెలియకుండానే కీబోర్డు మీదికి చెయ్యి చాచింది. ఒక్క మీట నొక్కితే చాలు, వెనక్కి తిరుగుతాడనిపించింది. నాయన ఆ మణికట్టు గట్టిగా పట్టేసుకున్నాడు.

"ముట్టుకోవద్దు తల్లీ... ముట్టుకుంటే ఆట మనదైపోతుంది. వాడు వెళ్లిపోతాడు."

తెర ఎర్రబడింది. ఒక కేక... చూపు నేలకి జారిపోయింది. చేతులు కనపడలేదు.

నాయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని, గోడవారన ఉన్న స్టూలు లాగినాడు.

"కూర్చో. మళ్లీ వస్తాడు."

అక్క కూర్చుంది. కిషోర్ మళ్లీ వచ్చినాడు. పరుగెత్తినాడు, తలుపు దగ్గర కాసేపు ఆగినాడు, మలుపు దాకా వచ్చినాడు.

"అన్నా!" అని అరిచింది అక్క.

తిరగలేదు.