దగ్గర కాబట్టి

"ఈ జుట్టు ఎవరు కత్తిరించారు?"

"నేనే."

"ఎవరి మీద కోపంతో?"

సెలూన్ కుర్చీలో కూర్చున్న అతను తల తడుముకున్నాడు. ఎదురుగా అద్దంలోకి చూశాడు. ప్రశ్న అడిగిన అమ్మాయి పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంటోంది. నిజానికి అతను ఆ పని చాలా శ్రద్ధగా చేసుకున్నాడు. ముందొక అద్దం, వెనకొక అద్దం, చేతిలో వంటింటి కత్తెర. పథకంలో లోపం లేదని అతనికి ఇప్పటికీ నమ్మకమే. అద్దంలో ఏది కుడో ఏది ఎడమో తేలక చెయ్యే కంగారుపడింది.

"సెలూన్లో అయితే మాట్లాడాల్సి వస్తుందని..." అన్నాడు.

"ఇక్కడ మాట్లాడక్కర్లేదు. కదలకుండా కూర్చుంటే చాలు." చెయ్యి చాపింది. "కళ్లద్దాలు ఇటివ్వండి."

"అవి లేకపోతే నాకేమీ కనబడదు."

"చూడాల్సింది నేను కదా."

సోడాబుడ్డి అద్దాలు సొరుగులోకి వెళ్లిపోయాయి. అద్దంలో అతని ముఖం టీలో పడ్డ బిస్కెట్టులా కరిగిపోయింది. ఆమె ఒక నీలం మచ్చగా మిగిలింది. ఆ షాపులో ఏప్రన్లు నీలం.

"సొరుగులో ఎందుకండీ? బల్ల మీదే పెట్టొచ్చుగా?"

"బల్ల మీదుంటే తడుముకుంటూనే ఉంటారు. భయమైతే చెప్పండి, రసీదు రాసిస్తా."

పక్క కుర్చీ దగ్గర్నుంచి ఇంకో నీలం మచ్చ మాట్లాడింది. "దాన్ని పట్టించుకోకు బాబూ. దాని నోటికంటే దాని కత్తెర మెత్తన." ఆవిడ షాపు యజమాని, ఆ అమ్మాయికి మేనత్త.

ఇది ఏడాది కిందటి మాట. అప్పట్లో అతను పక్క వీధిలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాడు. వినికిడి పరీక్షలు చేసే టెక్నీషియన్. శబ్దం చొరబడని గాజు గదిలో మనుషుల్ని కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, సన్నటి కూతలు వినిపించడం అతని పని. కూత వినబడగానే వాళ్లు బటన్ నొక్కాలి. రోజంతా ఇతరుల చెవుల గురించి ఆలోచించే మనిషికి తన చెవులు కూడా కొంత పదునెక్కుతాయి. రెండు మూడు నెలలకే అతనికి ఆ కత్తెర భాష తెలిసిపోయింది. ఆమె మనసు బాగున్న రోజు నాలుగు చప్పుళ్లు, చిన్న విరామం, మళ్లీ నాలుగు. అత్తతో గొడవపడిన రోజు విరామం ఉండదు.

ఆ వీధిలో ఇంకో మూడు సెలూన్లున్నాయి. ఒక దాంట్లో పెద్ద టీవీ, కాఫీ మెషిను కూడా ఉన్నాయి. ఇక్కడేమో రెండే కుర్చీలు, మూలిగే గీజరు. అయినా జనం ఇక్కడే వచ్చి బెంచీ మీద కూర్చుని ఎదురుచూసేవారు. ఎందుకన్న ప్రశ్న అతన్ని పట్టుకుంది. ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు ప్రతి శనివారం వస్తారు. ఆయన తల మీద మిగిలిన వెంట్రుకలకి హాజరు తీసుకోవచ్చు. ఒక లాయరమ్మ జుట్టు కడిగించుకోవడానికే వచ్చి, బేసిన్లో తల పెట్టి ఎనిమిది నిమిషాలు నిద్రపోతుంది. లేచి, ఎవరో పిలిచినట్టు హడావిడిగా వెళ్లిపోతుంది.

చాలా రోజుల తర్వాత అతనికొక సంగతి తట్టింది. మనిషి పెద్దవాడయ్యాక అతని తలని ఎవరూ ముట్టుకోరు. భుజం తడతారు, చెయ్యి కలుపుతారు. తల జోలికి మాత్రం రారు. తన సంగతి లెక్కవేసుకుంటే, అమ్మ పోయాక పదకొండేళ్లు. దీన్ని అతను పెద్ద బాధగా ఏమీ తీసుకోలేదు. ఏ చెవికి ఎంత వినబడుతోందో కాగితం మీద గీసినట్టే, ఒక కొలతగా గుర్తుపెట్టుకున్నాడు. దువ్వెన మొదటిసారి తలకి తగిలినప్పుడు తన భుజాలు వాటంతటవే కిందికి దిగుతాయని కూడా గుర్తుపెట్టుకున్నాడు. అత్త చెయ్యి తగిలితే దిగేవి కావు. ఆ తేడాకి ఏం పేరు పెట్టాలో తెలిసి కూడా పెట్టలేదు.

ఐదు నెలల కిందట అతను ఇల్లు మారాడు. ఊరికి ఆ చివర, అక్క ఉంటున్న బిల్డింగులోనే పైన ఒక వాటా ఖాళీ అయింది. సామాను వెళ్లింది, మనిషి వెళ్లాడు. జుట్టు మాత్రం పాత అడ్రసు మార్చుకోలేదు. మూడు వారాలకోసారి రెండు బస్సులు మారి, గంటా ఇరవై నిమిషాలు ప్రయాణం చేసేది.

"ఒరేయ్," అంది అక్క, "ఎక్కడికిరా సెలవు రోజు పొద్దున్నే?"

"కటింగ్‌కి."

"మన సందులో రెండు సెలూన్లున్నాయి."

"తెలుసు."

"అక్కడ కత్తెర బంగారందా, కత్తిరించేవాళ్లు బంగారమా?"

"బస్సు వచ్చేస్తుందక్కా."

"వస్తుందిలే. అది నీలాగా కాదు, ఎక్కడ ఆగాలో దానికి తెలుసు."

ఆ రోజే అతను ఒక తప్పు చేశాడు.

సెలూన్లోకి అడుగుపెడుతూ అద్దం అంచున అంటించిన కాగితం చూశాడు. మధ్యలో నిలువు గీత. ఒక పక్క 'షాపు', ఇంకో పక్క 'చెయ్యి'. కింద కొన్ని టిక్కులు. సరుకుల చీటీ అనుకున్నాడు. అద్దాలు సొరుగులోకి వెళ్లాయి, తువ్వాలు మెడకి చుట్టుకుంది, కత్తెర నాలుగు చప్పుళ్లు చేసింది.

"ఒక మాటడగాలి మిమ్మల్ని. ఈ వారం అందర్నీ అడుగుతున్నా," అంది ఆమె.

"అడగండి."

"ఇక్కడికే ఎందుకొస్తారు?"

నిజాలు చాలా ఉన్నాయి. ఏది చెప్పినా దాని వెనక మిగతావన్నీ తోసుకుంటూ వచ్చేస్తాయని అనిపించింది. అతని నోరు తలుపు కొంచెమే తెరిచి, చేతికందినదాన్ని బయటికి విసిరి మూసుకుంది.

"దగ్గర కాబట్టి."

కత్తెర ఆగింది. ఒకటి, రెండు. అతని వృత్తిలో రెండు సెకన్ల నిశ్శబ్దం చాలా పెద్దది.

"మంచిది," అంది. పెన్ను మూత తీసిన చప్పుడు. "మీరొక్కరే సూటిగా చెప్పారు. హెడ్మాస్టరు గారు పేపరు చదువుకోడానికొస్తారట. లాయరమ్మకి షాంపూ వాసన ఇష్టమట. వాళ్ల మాట నేను నమ్మలేదు. మీరు అనవసరంగా ఒక్క మాట మాట్లాడని మనిషి. మీరంటే నమ్ముతాను."

"అసలెందుకడుగుతున్నావో చెప్పు ఆ అబ్బాయికి," అంది అత్త.

"ఏముందత్తా చెప్పడానికి." కత్తెర మళ్లీ కదిలింది, ఈసారి విరామాలు లేకుండా. "ఒక పెద్ద సెలూన్ వాళ్లు సీనియర్ స్టైలిస్టుగా రమ్మన్నారు. ఇంటర్వ్యూలో ఒకటే అడిగారు. మీ క్లయింట్లు మీ కోసం వస్తారా, షాపు కోసం వస్తారా అని. నాకు జవాబు తెలీలేదు, అందుకే ఆ కాగితం. ఈ కుర్చీ అత్తది, పేరు అత్తది. నా చేతిలో ఏమీ లేకుండా అక్కడికెళ్లి, నెల తిరక్కుండా వెనక్కొస్తే?"

"వస్తే మళ్లీ ఈ ఏప్రనే కట్టుకుంటావు," అంది అత్త.

"అందుకే రానని చెప్పేస్తా. శనివారం దాకా టైమిచ్చారు."

"ఎక్కడా సెలూను?" అన్నాడు అతను. 

"చాలా దూరంలెండి. ఊరి చివర ఫ్లైఓవర్ దిగగానే ఎర్ర ఇటుకల బిల్డింగు. మీరు అటెప్పుడు వెళ్లుంటారు?"

ఆ బిల్డింగు అతని కిటికీలోంచి కనబడుతుంది. రోజూ పళ్లు తోముకుంటూ చూసేది దాన్నే.

తిరుగు ప్రయాణంలో తనని తాను పరీక్షకి కూర్చోబెట్టుకున్నాడు. ఎందుకు అబద్ధం చెప్పాడు? సిగ్గు అనుకుంటే సులువే. సిగ్గు కింద ఇంకో పొర ఉంది. నిజం చెబితే ఆమె ఏదో ఒక జవాబివ్వాలి. ఆ జవాబు బాగుండకపోతే, మూడు వారాలకోసారి దొరికే ఆ అరగంట కూడా పోతుంది. ఉన్నదాన్ని కాపాడుకోడానికి ఆమె చేతిలో ఉన్నదాన్ని లేదని చెప్పాడు. ఇది అతనికి స్పష్టంగా కనబడింది. స్పష్టంగా కనబడినంత మాత్రాన చెయ్యి ఫోను మీదికి వెళ్లలేదు.

శుక్రవారం గాజు గదిలో ఒక మామ్మగారు కూర్చుంది. కూత లేనప్పుడు కూడా బటన్ నొక్కుతోంది. ఒకసారి, రెండుసార్లు, ఐదుసార్లు. అతను తలుపు తీసి అడిగాడు.

"మామ్మగారూ, ఇప్పుడేమీ వినిపించలేదు కదా, నొక్కారేం?"

"నువ్వు అద్దంలోంచి ఆశగా చూస్తున్నావు నాయనా. పోనీ పాపం అని నొక్కాను."

అతను నవ్వలేదు. ఆవిడ చేతిలోని బటన్ వంక చూస్తూ నిలబడ్డాడు. ఈవిడ లేనిది విన్నానంటోంది, అతని కోసం. తను విన్నది వినలేదన్నాడు, తన కోసం. ఇద్దరి పరీక్షలూ తప్పే, కానీ ఆవిడదే నయం.

"మళ్లీ మొదట్నుంచి చేద్దాం," అన్నాడు.

"నాకేం తొందర లేదు. నీకే ఏదో తొందరున్నట్టుంది."

శనివారం మధ్యాహ్నం వాన. మొదటి బస్సు వచ్చింది, రెండోది రాలేదు. మిగిలిన దారి నడిచాడు. వాన అతని నెత్తి మీద ప్రత్యేకంగా పనిపెట్టుకున్నట్టు కురిసింది. సెలూన్ తలుపు తోసేసరికి కళ్లద్దాల మీద నీళ్లు, లోపల ఆవిరి. తీసి చొక్కాకి తుడుచుకోబోతే చొక్కా అంతకన్నా తడి. అద్దాలు చేతిలోనే పట్టుకుని, అలవాటైన కుర్చీలో కూర్చున్నాడు. ఒక నీలం మచ్చ కుర్చీ వెనక్కొచ్చి తల మీద తువ్వాలు వేసింది.

ధైర్యం ఆరిపోకముందే మాట్లాడాలి.

"ముందు నన్ను చెప్పనివ్వండి. నేను అబద్ధం చెప్పాను. నేనిక్కణ్నుంచి వెళ్లిపోయి ఐదు నెలలైంది. రెండు బస్సులు, గంటా ఇరవై నిమిషాలు. దగ్గరనే మాట తుడిచెయ్యండి. నేను మీ చేతి కోసమే వస్తున్నాను. మీ చెయ్యి తగిలితే నా భుజాలు..."

తువ్వాలు కదిలింది. గిన్నెలు తుడిచినట్టు బరబరా రుద్దింది. అతని భుజాలు దిగలేదు సరికదా, చెవుల దాకా లేచాయి.

"ఆంటీ?"

"నేనే బాబూ. బాగా చెప్తున్నావు, ఆపావేం? భుజాలకేమైంది?"

బెంచీ మీద హెడ్మాస్టరు గారి పేపరు గలగలలాడింది. నవ్వేది పేపరు కాదని అతని చెవులకి తెలుసు.

"అమ్మాయ్!" లోపలి గది వైపు కేకేసింది అత్త. "ఫోను కింద పెట్టు!"

"ఇప్పుడే రింగవుతోందత్తా. రానని చెప్పేసి..."

"పెట్టెయ్యమన్నానా! నీకు చెప్పాల్సింది నాకు చెప్పేస్తున్నాడు ఈ అబ్బాయి. ఇంకో నిమిషం ఆగితే పెళ్లి కూడా నాతోనే మాట్లాడేట్టున్నాడు."

ఆమె వచ్చింది. అడుగుల చప్పుడు కుర్చీ వెనక ఆగింది. అతని చేతిలోంచి అద్దాలు తీసుకుంది. ఈసారి సొరుగు తెరుచుకోలేదు. ఏప్రన్ అంచుతో తుడిచి, తనే అతని ముక్కు మీద పెట్టింది. ఆ మొదటి రోజు తర్వాత ఆ కుర్చీలోంచి అతనికి ఆమె ముఖం స్పష్టంగా కనిపించడం ఇదే. ఎడమ కనుబొమ పక్కన చిన్న గాటు. ఎవరిదో చిన్న వెంట్రుక చెంపకి అంటుకుని ఉంది.

"ఇప్పుడు చెప్పండి."

"కనబడుతుంటే కష్టం."

"అందుకే పెట్టాను."

అతను మళ్లీ చెప్పాడు. ఈసారి ఇంకా తక్కువ మాటల్లో, ఇంకా అధ్వాన్నంగా. భుజాల సంగతి మాత్రం వదలకుండా చెప్పాడు.

"ఇప్పుడెక్కడుంటున్నారు?"

"ఫ్లైఓవర్ దిగగానే. ఎర్ర ఇటుకల బిల్డింగుకి ఎదురుగా."

ఆమె ముఖం మారింది. "ఓహో. నేనక్కడ చేరితే మీకు రోడ్డు దాటితే చాలు. అందుకా ఇంత వానలో పరిగెత్తుకొచ్చారు?"

ఈ ప్రశ్న బస్సులో అతనికి తట్టనే లేదు. అయినా జవాబు ఎక్కడో ముందే తయారై ఉన్నట్టు వచ్చేసింది.

"మీరు అక్కడ చేరాక చెబితే, దగ్గర కాబట్టే వస్తున్నాడనుకుంటారు. ఎప్పటికీ అలాగే అనుకుంటారు. దూరంగా ఉన్నప్పుడే చెప్పాలి."

అతను ఒకటి, రెండు అని లెక్కపెట్టబోయి, మానేశాడు.

హెడ్మాస్టరు గారు పేపరు మడిచారు. "నేనూ ఒకటి సరిదిద్దుకోవాలమ్మా. మా ఇంటికి మూడు పేపర్లొస్తాయి."

అత్త వెళ్లి అద్దం అంచున కాగితం పీకింది. చింపలేదు. 'షాపు' అన్న మాట కొట్టేసి, ఏప్రన్ జేబులో పెట్టుకుంది. "నువ్వు రాకముందు పద్దెనిమిదేళ్లు ఈ షాపు నేనే నడిపాను. నువ్వెళ్తే గీజరు మూలుగు ఆగిపోదు. వాళ్లకి ఫోను చేసి వస్తానని చెప్పు. తల నిమిరించుకోడానికి రెండు బస్సులు మారే మనిషొకడున్నాడని కూడా చెప్పు, జీతం పెంచుతారు."

"అత్తా!"

"నా మీద అరవకు. నాకు చెప్పినప్పుడే నేను ఒప్పేసుకున్నాను, నీదే ఆలస్యం."

ఆమె లోపలికెళ్లి ఫోను చేసింది. తలుపు మూసినా అతనికి వినిపించింది. 'వస్తాను' అన్న మాట ఒక్కటే, గట్టిగా. తిరిగొచ్చి కుర్చీ వెనక నిలబడి, అతని తల అటూ ఇటూ తిప్పి చూసింది.

"కత్తిరించడానికి ఏమీ మిగల్లేదు."

"తెలుసు."

"మరి దిగరేం?"

"దువ్వండి చాలు."

ఆమె దువ్వింది. తడి జుట్టు, మెల్లగా. అతని భుజాలు కిందికి దిగాయి. అద్దంలో ఆమె ఆ సంగతి చూసింది. ఆమె చూడడం అతను చూశాడు. కళ్లద్దాలుంటే ఇన్ని ఇబ్బందులున్నాయి.

"మీ బస్సెన్నింటికి?"

"ఐదింటికొకటుంది."

ఆమె ఏప్రన్ ముడి విప్పుతూ అంది. "నేనూ వస్తా. ఆ బిల్డింగు చూసుకోవాలి. ఒక సంగతి చెప్పండి ముందు. గంటా ఇరవై నిమిషాలు ఏం మాట్లాడతారు మీరు?"

"మాట్లాడక్కర్లేదన్నారుగా."

"అది కుర్చీలో. బస్సులో మాట్లాడాలి."