పదకొండు గంటల మాత్ర

"మేడమ్, స్టోరులో ఎవరో మాత్రలు మా..."

అంతే. సర్జాపుర రోడ్డు క్యాన్సర్ ఆసుపత్రి ఫార్మసిస్టు రాఘవేంద్రకి ఫోనూ తెగింది, గొంతూ తెగింది.

అవతల గూఢచారి శాఖ చీఫ్ వనజ వెంటనే ఇంకో నంబరు నొక్కింది. "ఎం.జీ.! ఎక్కడున్నావ్?"

"అదే ఆసుపత్రిలో. రెండో అంతస్తు. అక్క పక్కన."

ఎం.జీ. అంటే మంజునాథ్ గోపాలప్ప. "ఎన్ని ఎం.జీ.?" అని శాఖలో ఏడిపిస్తారు. మోతాదు మించితే ప్రాణం తీస్తాడని శత్రువులకి తెలుసు.

"బేస్‌మెంట్ స్టోరుకి దిగు. లోపల మన మనిషి ఉంది. కోడ్: తిండికి ముందా, తర్వాతా?"

లేవబోతుంటే అక్క రత్నమ్మ చెయ్యి పట్టుకుంది. ఎనిమిదేళ్లుగా పెద్ద కంపెనీ మాత్రతో రక్తపు క్యాన్సర్‌ని అదుపులో పెట్టుకున్న మనిషి. ఆ మందు పేటెంట్ తీరింది. ఈరోజు నుంచి వార్డంతా జెనరిక్.

"పేరు మారినాక గుణం మారదా మంజూ? నాకు బయంగా ఉండాది అప్పా."

"కంపెనీ మారిండాది, మందు అదేనక్కా. పదకొండుకి నర్సమ్మ ఇస్తాది. నన్ను నమ్మి మింగు."

స్టోరులో పట్టుచీర, పిస్టలు, ఆ రెంటికన్నా ప్రమాదకరమైన నవ్వు. వర్షిణి.

"తిండికి ముందా, తర్వాతా?"

"తర్వా..." అని ఎం.జీ. అనేలోపే వెనకనుంచి ఇనప సెలైన్ స్టాండు అతని నెత్తిన పడింది. అలా తిండికి ముందే దెబ్బలు తిన్నాడు.

కళ్లు తెరిచేసరికి ఎదురుగా డాక్టర్ కోటులో విదేశీ ముఠా నాయకుడు బ్రాండన్. పక్కన స్టాండు పట్టుకుని అనుచరుడు లలిత్. వాళ్ల వెనక అదే నవ్వుతో వర్షిణి.

"జెనరిక్ కార్టన్‌లో విషం పెట్టాం," అన్నాడు బ్రాండన్ ఇంగ్లీషులో. "పదిమంది చస్తే జనం మళ్లీ మా బ్రాండుకే పరిగెత్తుకొస్తారు."

"కార్టన్ ఎక్కడ?"

"పైకెళ్లింది. నువ్వూ వెళ్తావు."

గోడ గడియారం పదీ యాభై ఆరు. ఎం.జీ. తలతో ఒక్క గుద్దు గుద్దాడు. బ్రాండన్ ముక్కు పగిలింది. వాడు రెండు చేతులతో ఎం.జీ. పీక నొక్కేస్తూ, చూపు తిప్పకుండా, ఆరు వారాలు యాప్‌లో నేర్చిన కన్నడంలో లలిత్ మీద అరిచాడు: "నంగె కొడు! కొడు!"

అంటే 'నాకివ్వు' అని. లలిత్ నడుములోని తుపాకీ కోసం.

లలిత్ బెజవాడ నుంచి దిగి మూడు రోజులు. కన్నడం ముక్క రాదు. నోరెళ్లబెట్టాడు. "తనని కొట్టమంటాడేంటి?"

ఉగ్గుపాలతోనే రెండు భాషలూ తాగిన ఎం.జీ. నలిగే గొంతుతోనే అందుకున్నాడు. "నా మీద కేసు పెట్టాల కదప్పా! మీ బాసు ఒంటిమీద దెబ్బలు కనబడాల. కొట్టు!"

"కొడు!" బ్రాండన్ గర్జించాడు.

"మీ ఇష్టం బాస్!"

స్టాండు మొదటి దెబ్బకి బ్రాండన్ భుజం ఎముక విరిగింది. రెండో దెబ్బకి, స్ట్రిప్పులోంచి మాత్రల్లా పళ్లు ఒక్కొక్కటే ఊడిపడ్డాయి. మూడోది అవసరం లేకపోయినా లలిత్ నిజాయితీపరుడు. బ్రాండన్ కూలాడు.

తప్పు తెలిసి లలిత్ తుపాకీ తీసేలోపు వర్షిణి పిస్టలు పేలింది. వాడి మోకాలు చితికింది.

"ఇంతసేపు ఏం చేస్తాండావు?" ఎం.జీ. దగ్గాడు.

"వాళ్లిద్దరు, నేనొక్కతిని. డబుల్ ఏజెంట్‌నే గానీ డబుల్ ప్రాణాలున్నాయా? పరిగెత్తు! అసలు కార్టన్ నేను తెస్తా!"

పదీ యాభై తొమ్మిది. మెట్లు మూడేసి చొప్పున ఎక్కాడు. వార్డులో నర్సు సమీనా గ్లాసు అందిస్తోంది. రత్నమ్మ నాలుక మీద మాత్ర.

"మింగొద్దు! ఎవరూ మింగొద్దు!"

వార్డంతా బిగుసుకుపోయింది. రత్నమ్మ మాత్రం ఉలిక్కిపడి గుటక వెయ్యబోయింది. ఎం.జీ. జన్మలో మొదటిసారి అక్క చెంప పగలగొట్టాడు. మాత్ర ఎగిరి గోడకి తగిలింది.

"మింగమనిందీ నువ్వే, కొట్టిందీ నువ్వే! ఏం మనిషివప్పా!"

వర్షిణి తెచ్చిన అసలు కార్టన్ సీలూ, బ్యాచ్ నంబరూ సరిచూసి సమీనా కొత్త మాత్ర అరచేతిలో పెట్టింది. రత్నమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"ఇదన్నా పని చేస్తాదా మంజూ?"

ఎం.జీ. మూతి మీది నెత్తురు తుడుచుకున్నాడు.

"దీన్ని ఆపేదానికి సముద్రాలు దాటొచ్చి తన్నులు తిన్యారక్కా. పని చెయ్యని మందుకి ఎవరన్నా అంత పని పెట్టుకుంటారా?"