బోర్లించని బాన

మా ఇంట్లో వంటగదికీ పెరటికీ మధ్య ఒక ఇరుకు గది ఉంది. బియ్యం డ్రమ్మూ, ఖాళీ సిలిండరూ, పాత పరుపూ అందులో పడి ఉంటాయి. గవరపాలెంలో ఇళ్ళన్నీ గోడకి గోడ ఆనించి కట్టినవే. ఇక్కడ ఆవులిస్తే పక్కింట్లో వినపడుతుంది. అలాంటిచోట తెల్లారకుండా లేచి నేను అకార సాధన మొదలెడితే పక్కింటి చిన్నబాబు మామయ్య ఊరుకుంటాడా? "ఏటమ్మా సుప్రియా, ఎవలైనా పీక పిసుకుతన్నారా ఏటి?" అని గోడ అవతల నుంచే అడిగేవాడు. అందుకని నా సాధన ఆ ఇరుకు గదిలోకి, అందులోని బానలోకి మారింది.

బాన సంగతి ముందే చెప్పేస్తాను. నాకు పాట నేర్పే శాంతికుమారి టీచరుగారిది పాత పద్ధతి. వాళ్ళ నాన్నగారు పద్యనాటకాలు ఆడేవారట. మైకుల్లేని రోజుల్లో గొంతు పెరగడానికి కొత్త మట్టిబాన ముందు కూర్చుని, దాని మూతిలో మొహం పెట్టి పాడేవారట. పాడింది పాడినట్టు తిరిగొచ్చి మొహానికి కొడుతుంది. శ్రుతి ఎక్కడ జారిందో, ముక్కుతో ఎక్కడ పాడామో, ఊపిరి చాలక ఏ అక్షరం మింగేశామో అన్నీ చెప్పేస్తుంది. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. సాధన అయ్యాక చెంబుడు నీళ్ళు పోసి, తొలిపి పారబోసి, బానని బోర్లించాలి. దాని మీద మూత మాత్రం పెట్టకూడదు.

ఎందుకండీ అని అడిగితే, "మా నాన్న బోర్లించేవాడు. నేనూ బోర్లిస్తాను. నువ్వూ బోర్లించు" అన్నారు. ఆవిడ అంతకంటే చెప్పే మనిషి కాదు.

గొంతుని నేను చాలా జాగ్రత్తగా చూసుకుంటానని అందరికీ చెప్పుకునేదాన్ని. చల్లనీళ్ళు ముట్టను, రాత్రి పెరుగు తినను, ఉప్పునీళ్ళు పుక్కిలిస్తాను, ఆవిరి పడతాను. సిగ్గుపడాల్సిన విషయం ఏమిటంటే, నీళ్ళు కాచేది నేను కాదు. మిరియాలు దంచేదీ నేను కాదు. మా అమ్మ దేముడమ్మ. బెల్లం మార్కెట్లో రోజంతా దిమ్మలు మోసి, సర్ది వచ్చి, చేతులు కడుక్కుని ముందు నా కషాయం పెట్టేది. నాన్న అచ్యుతాపురం కంపెనీలో షిఫ్టులకి పోతే ఇంట్లో మేమిద్దరమే. అమ్మది మార్కెట్ గొంతు. బొంగురు, పైగా పెద్దది. మెల్లగా మాట్లాడటం ఆవిడకి చేతకాదు.

టీవీ వాళ్ళ పాటల పోటీకి మొదటి వడపోత మా ఊళ్ళోనే ఒక కల్యాణమండపంలో జరిగింది. నేను పాడటం అవ్వగానే అమ్మ కుర్చీ ఎక్కి నిలబడిపోయింది. "మా గుంటేనమ్మా అది. ఓలమ్మ, ఎంత బాగా పాడీసినావే" అని అరిచింది. యాంకరమ్మాయి ఆ మాటని మైకులో మళ్ళీ అంది, అదే యాసలో సాగదీసి. హాలంతా నవ్వింది. తనని మెచ్చుకున్నారనుకుని అమ్మ కూడా నవ్వింది.

నేను సెలెక్ట్ అయ్యాను. కానీ ఇంటికొచ్చేదాకా అమ్మతో ఒక్క మాట మాట్లాడలేదు.

తర్వాతి వడపోత విశాఖపట్నంలో, స్టూడియోలో, కెమెరాల ముందు. అక్కడ పాట ఒక్కటే చాలదు. మీరేం చదువుకున్నారు, ఇంట్లో ఎవరెవరు ఉంటారు, అమ్మగారేం చేస్తారు అని అడుగుతారు. ఆ జవాబులు కూడా నేను బానలోనే సాధన చేశాను. ఏటి, నాను లాంటివి నోట్లోంచి ఊడబెరికి, ఏమిటండీ, నేనండీ అని శుభ్రంగా పలకడం. అమ్మగారేం చేస్తారు అన్న ప్రశ్న దగ్గరికొచ్చేసరికి నోరు ఆగింది. బెల్లం దిమ్మలు మోస్తుంది అని చెబితే రేపు ఆవిడని కూడా స్టేజి ఎక్కిస్తారు. మైకు ఇస్తారు. మళ్ళీ నవ్వుతారు.

ఇది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

బానలో మొహం పెట్టి, "అమ్మ లేదండి. చిన్నప్పుడే పోయింది" అన్నాను.

ఎంత తియ్యగా తిరిగొచ్చిందో ఆ మాట. పాటలో కూడా నా గొంతు అంత బాగా ఎప్పుడూ పలకలేదు. 'లేదండి' తర్వాత చిన్న విరుపు పెట్టి మళ్ళీ అన్నాను. 'పోయింది' దగ్గర ఊపిరి కాస్త వదిలి మళ్ళీ అన్నాను. ఎన్నిసార్లు అన్నానో నాకే తెలీదు, దానికి రాగం కట్టినంత పని చేశాను. అప్పుడు వెనక చెప్పుల చప్పుడు. కషాయం గ్లాసు పట్టుకుని అమ్మ వస్తోంది. లోపల ఆ మాట ఇంకా తిరుగుతున్నట్టే అనిపించి, ఆవిడ చెవిన పడుతుందేమోనని బియ్యం డ్రమ్ము మీదున్న మూకుడు లాగి బాన మీద పెట్టేశాను. నీళ్ళు పోయలేదు. బోర్లించలేదు.

"తాగీసి పాడుకో. సల్లారిపోద్ది" అంది అమ్మ.

ఆ సాయంత్రానికి నా గొంతు పోయింది. బొంగురు పోవడం కాదు, అసలు పోవడం. నోరు తెరిస్తే ఉత్త గాలి. మర్నాడు డాక్టరు గొట్టం పెట్టి చూసి, వోకల్ కార్డ్స్ వాచాయి, పోటీ రోజు దాకా ఒక్క మాట మాట్లాడొద్దన్నాడు. గుసగుసలు కూడా వద్దు, వాటితో గొంతుకి ఇంకా చేటు అన్నాడు.

అమ్మ గాభరా పడింది గానీ పైకి కనపడనివ్వలేదు. "నువ్వు సైగ సెయ్యి సాలు. నాను సూసుకుంటాను కదా" అంది. మార్కెట్ మానేసి ఇంట్లో కూర్చుంది. నేను కళ్ళతో అడగకముందే నీళ్ళు తెచ్చేది.

ఆ రోజు దీపాలు పెట్టే వేళకి కరెంటు పోయింది. మబ్బు పట్టి ఉంది. వీధిలో చెరుకు లారీ వెళ్ళి, దాని చప్పుడు మెల్లగా తగ్గిపోయింది. అమ్మ పొయ్యి దగ్గర, నేను ఆవిడ వెనక గుమ్మంలో. ఇరుకు గదిలోంచి తడిమట్టి వాసన వచ్చింది. ఎండాకాలం తొలి వానకి వచ్చేలాంటి వాసన. దాని వెంటే ఒక చప్పుడు. ఎవరో పాట మొదలుపెట్టేముందు ఊపిరి తీసుకున్నట్టు...

తర్వాత 'సా' వినిపించింది. నా గొంతే.

అమ్మ గరిటె తిప్పుతూనే, వెనక్కి చూడకుండా, "ఏటే, డాట్రుబాబు వద్దంటే మళ్ళీ పాడతన్నావా?" అంది.

నేను అమ్మ భుజం మీద చెయ్యి వేశాను. ఆవిడ తిరిగింది. స్టవ్వు మంట వెలుగులో నా మొహం చూసింది, మూసి ఉన్న నా నోరు చూసింది. ఆ 'సా' ఇంకా వస్తోంది. సన్నగా. శ్రుతిలో.

ఆగింది.

"అమ్మ లేదండి."

చిన్న విరుపు... నేను పెట్టిన విరుపే.

"చిన్నప్పుడే పోయింది."

అమ్మ ఫోను టార్చి వేసుకుని ఆ గదిలోకి నడిచింది. నేను ఆవిడ చీర చెంగు పట్టుకుని ఉన్నాను. వెలుగు బాన మీద పడింది. మూకుడు పెట్టినట్టే ఉంది, కానీ మెల్లగా అదురుతోంది, లోపల ఎసరు మరుగుతున్నట్టు. అమ్మ లేదండి... చిన్నప్పుడే పోయింది... అమ్మ లేదండి... ఊపిరి ఎక్కడ వదలాలో అక్కడ వదిలి, అంత చక్కగా. విని విని అమ్మ నా వైపు తిరిగింది.

"టీవీవోలకి సెప్పడానికా?" అంది. మొదటిసారి అంత మెల్లగా మాట్లాడింది.

నేను తల అడ్డంగా ఊపాను. ఊపకూడదు కదా, నిజమే కదా. ఫోనులో టైపు చేసి చూపించాను, తప్పయిపోయిందమ్మా అని. అమ్మ ఆ తెర వంక చూసి నా వంక చూసింది. అమ్మకి చదవడం రాదు. ఇన్ని పాటలు నేర్చుకున్నాను, ఇన్నేళ్ళలో ఆవిడకి అక్షరాలు నేర్పుదామని ఒక్కనాడు కూడా అనిపించలేదు నాకు. కాళ్ళ మీద పడి, అమ్మా అని అరవబోయాను. గాలి వచ్చింది, అంతే.

"ఏడవకు. ఏడిత్తే గొంతుక ఇంకా రేగిపోద్ది" అంది అమ్మ. నన్ను లేపి, కళ్ళు తుడిచి, గుమ్మం బయటికి తెచ్చింది. "నీ గొంతుక నీకొచ్చీలాగ నాను సూత్తాను. నువ్వు పడుకో."

తలుపు వేసేసుకుంది.

నేను తలుపుకి చెవి ఆనించి కూర్చున్నాను. మూకుడు తీసిన చప్పుడు. అమ్మ ఏదో అంది, మాటలు తెలియలేదు. బాన నా గొంతుతో జవాబు చెప్పింది. మళ్ళీ అమ్మ. మళ్ళీ నేను. బేరమాడుతున్నట్టు ఉంది. తర్వాత రెండు గొంతులూ కలిసి ఒకే మాట అన్నాయి... ఆ పైన ఒకటే వినిపించింది. అది ఎవరిదో చెప్పలేను. తలుపు తట్టాను. చేతులు నొప్పెట్టేలా తట్టాను. అక్కడే ఎప్పుడు నిద్ర పట్టేసిందో తెలీదు.

తెల్లారేసరికి తలుపు తీసి ఉంది. అమ్మ పొయ్యి దగ్గర మిరియాలు దంచుతోంది. "అమ్మా" అన్నాను, నిద్రలో అన్నట్టు. పలికింది. నా గొంతు నాకు వచ్చేసింది, ముందుకంటే నున్నగా. ఆవిడని వాటేసుకుని ఏడుస్తూ ఎన్నో చెప్పాను. అమ్మ అన్నీ వింది. నవ్వింది. నోటి మీద వేలు పెట్టుకుంది. అప్పటి నుంచీ ఒక్క మాట లేదు. ఆస్పత్రికి పోదాం రమ్మంటే గుమ్మం పట్టుకుని రాలేదు.

గదిలో బాన బోర్లించి ఉంది. పక్కన ఖాళీ చెంబు. టీచరుగారికి ఫోను చేశాను. అంతా విని, "తొలిపిన నీళ్ళు ఎక్కడ పోసింది?" అని అడిగారు. వెళ్ళి చూశాను. గదిలో తడి లేదు, పెరట్లో తడి లేదు. ఆ మాటే చెప్పాను. "అయితే తాగేసింది" అన్నారు ఆవిడ. తర్వాత ఫోను పెట్టేశారు.

విశాఖపట్నం అమ్మని తీసుకునే వెళ్ళాను. రానంటే వినలేదు. మంచి చీర కట్టించాను. వాళ్ళు అడుగుతారు, నేను చెబుతాను. అదిగో, ముందు వరసలో కూర్చున్నావిడ మా అమ్మ దేముడమ్మ, బెల్లం మార్కెట్లో పనిచేస్తుంది, నా గొంతు ఆవిడ పెట్టిన భిక్ష, అని. నవ్వేవాళ్ళు నవ్వుకోనీ. బస్సులో దారి పొడుగునా ఆ మాటలే అనుకుంటూ వచ్చాను, మనసులో. బానలో కాదు.

పాట గురించి ఏం చెప్పను. నేనెప్పుడూ అలా పాడలేదు. ఒక జడ్జిగారు లేచి నిలబడ్డారు. కూర్చున్నాక, అనుకున్నట్టే అడిగారు. "ఎవరమ్మా నీ గొంతుని ఇంత జాగ్రత్తగా పెంచింది? అమ్మగారేం చేస్తారు?"

అమ్మ నన్నే చూస్తోంది. నేను అమ్మ వైపు చెయ్యి చూపించాను. అదిగో మా అమ్మ అనడానికి నోరు తెరిచాను.

"అమ్మ లేదండి."

చెయ్యి అమ్మ వైపే చాచి ఉంది. నోరు మూసుకోవాలని చూశాను. మూతపడలేదు. విరుపు వచ్చింది...

"చిన్నప్పుడే పోయింది."

 హాల్లో ఎవరో ముక్కు చీదారు. జడ్జిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. చప్పట్లు. నేను సెలెక్ట్ అయినట్టు చెప్పారు, పైనుంచి రంగు కాగితాలు పడ్డాయి, కెమెరా నా కన్నీళ్ళ దగ్గరికి వచ్చింది. నేను కాదు, కాదు అంటూనే ఉన్నాను. ఆ మాట మైకులోకి రాలేదు.

మెట్లు దిగి పరుగెత్తాను. అమ్మ కుర్చీలోనే ఉంది. చెయ్యి పట్టుకున్నాను. వెచ్చగా ఉంది, అరచేతిలో దిమ్మల కాయలు తగిలాయి. "నాను అనలేదమ్మా, నాను కాదు" అన్నాను. ఏటి, నాను, ఊడబెరికిన మాటలన్నీ తిరిగొచ్చాయి నోట్లోకి. 

చెవికి మైకు పెట్టుకున్న స్టూడియో అమ్మాయి ఒకతె కుర్చీలు ఖాళీ చేయిస్తూ మా దగ్గరికి వచ్చింది. అమ్మ వైపు వంగి, "మీరెవరి తాలూకా అండీ? ఎవరితో వచ్చారు?" అంది.

అన్ని రోజుల తర్వాత అమ్మ నోరు విప్పింది. బొంగురు లేదు. యాస లేదు. నా గొంతు... నేను సాధన చేసిన, తియ్యటి, శుభ్రమైన గొంతు.

"ఎవరితోనూ రాలేదండి. నాకో కూతురు ఉండేది."

చిన్న విరుపు.

"చిన్నప్పుడే పోయింది."

అని, నా చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసేసుకుంది, తెలియని మనిషెవరో పట్టుకుంటే తీసుకున్నట్టు.