ఎమ్మెట్ లోగ్ పూర్తి చేయని పరుగు

కార్వెల్ బార్జర్స్ బేస్‌బాల్ జట్టంటే వెండెల్ ప్రాట్‌కు ఒళ్లుమంట. ఆ జట్టు చరిత్ర రాసి జీతం పుచ్చుకునేదీ ఆయనే. తొంభై ఏళ్లకు పైగా ఆడి ఒక్క కప్పు గెలవలేదు. మూడు మైదానాలు మార్చి మూడింట్లోనూ ఓడింది. ఒహాయో నది ఒడ్డున ఇప్పుడు నాలుగోది కట్టారు. ఓడిపోవడానికి ఇన్ని ఇటుకలెందుకని వెండెల్ అడగని రోజు లేదు.

ఆ ఏప్రిల్ మధ్యాహ్నం బయట వాన పడుతోంది. స్టేడియం ప్రారంభం మర్నాడే. రెండో అంతస్తులోని మ్యూజియం గదికి కిటికీలు లేవు. కొత్త రంగు, కొత్త తివాచీ వాసన. పాత మైదానంలో తవ్వి తీసిన హోమ్ ప్లేట్‌ను ముసలి హైరమ్ స్టౌట్ గది మధ్యలో దించాడు. పగుళ్లిచ్చిన తెల్ల రబ్బరు పలక అది; పరుగు తీసేవాడు మూడు బేస్ సంచులూ తొక్కొచ్చి చివరికి కాలు పెట్టాల్సిన చోటు. మైదానం పని చూసేది హైరమే, అతనికి ముందు అతని తండ్రి.

"ఒక్క గంట ఆగండి సార్. మూడో బేస్ సంచి అక్కడే ఉండిపోయింది. అదీ తెచ్చేస్తాను."

"ఆ మురికి సంచి నా తివాచీ మీదా? మతి ఉందా తాతా నీకు?"

"రెండూ ఒకే బండిలో రావాలి సార్. యాభై ఒకటిలో మా నాన్న అలాగే తెచ్చాడు, డెబ్బై రెండులో నేను తెచ్చాను. లేకపోతే ఎమ్మెట్‌కి దారెలా తెలుస్తుంది?"

వెండెల్ పగలబడి నవ్వాడు. తన పుస్తకంలో ఎమ్మెట్ లోగ్‌కు ఆయన రెండే వాక్యాలిచ్చాడు. 1934లో, స్కోరు సమంగా ఉన్న చివరి ఇన్నింగ్స్. అప్పటికే ఇద్దరు ఔట్. మూడో బేస్ మీదున్న ఎమ్మెట్, బంతి విసిరే పిచ్చర్ ఏమరుపాటుగా ఉండడం చూసి హోమ్ ప్లేట్ వైపు ఒక్క ఉరుకు ఉరికాడు. సగం దారిలో గుండె ఆగి పడిపోయాడు. ప్లేట్ తొక్కలేదు కాబట్టి పరుగు లేదు, బంతితో ఎవరూ తాకలేదు కాబట్టి ఔటూ కాదు. ఆట అక్కడే ఆపేశారు. 'ఈ జట్టువాళ్లకు చావు కూడా సగం దారిలోనే' అని రాసి, ఆ వాక్యం చూసుకుని వెండెల్ తెగ మురిసిపోయాడు.

"నేను పరుగున వెళ్లొస్తాను," అన్నాడు హైరమ్. "అందాకా ఆ ప్లేట్ మీద నిలబడకండి సార్. ఆయన దారికి అడ్డం వద్దు. మీ ప్రాణానికే చెబుతున్నా."

అతను వెళ్లగానే వెండెల్ కావాలనే ప్లేట్ ఎక్కి నిలబడ్డాడు. ప్రదర్శనకు పెట్టిన 1934 ఆట నాటి బంతిని బల్ల మీద నుంచి తీసి ఎగరేస్తూ పట్టుకున్నాడు.

"ఏడీ మీ వీరుడు? రమ్మను చూద్దాం!"

ముందు వాసన వచ్చింది. తడి ఎర్రమట్టి వాసన, నమిలిన పొగాకు వాసన. తర్వాత నడవా చివర, సిమెంటు మీద ఆటగాళ్ల బూట్లకుండే ఇనుప మేకుల చప్పుడు.

టక్... టక్... టక్...

ఎవడో కూలివాడనుకున్నాడు. చప్పుడు వేగం పెరిగింది. పరుగు... తలుపులో ఎవరూ లేరు. కానీ తివాచీ నొక్కుకుంటోంది. ఒక అడుగు. ఇంకో అడుగు. అడుగడుక్కీ ఎర్రమట్టి.

పక్కకు జరగాలనుకున్నాడు. కాళ్లు కదల్లేదు.

ఎదురుగా ఊపిరి ఈలలా వినిపించింది. ఏదో బరువుగా నేలకు జారి ఆయన పాదాల మీదికి దూసుకొచ్చింది. భయంతో చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. చేతిలోని బంతి దేనికో తగిలింది. చల్లగా... తడి ఉన్నిబట్టలా...

అంతే. గదిలో ఏ చప్పుడూ లేదు.

హైరమ్ వానలో తడిసి, సంచిని పసిబిడ్డలా ఎత్తుకుని వచ్చేసరికి వెండెల్‌కు మళ్లీ నోరు లేచింది.

"తొంభై ఏళ్లుగా మీరంతా మోసిన పరుగు... ఔట్ చేశాను తాతా! నేను!"

మట్టి గుర్తులు ప్లేట్‌కు జానెడు దూరంలో ఆగిపోయాయి. హైరమ్ వాటిని చూసి టోపీ తీశాడు.

"అప్పటికే ఇద్దరు ఔట్ సార్," అన్నాడు గొంతు తగ్గించి. "ఆయన మూడోవాడు."

"అయితే?"

"ముగ్గురు ఔటైతే వంతు మారుతుంది. ఇక బ్యాటింగ్ ఎదుటి జట్టుది."

వెండెల్ ఈసడింపుగా అద్దాల పెట్టె దగ్గరికి వెళ్లాడు. అందులో 1934 నాటి స్కోరు పుస్తకం ఉంది. తాళంచెవి ఆయన జేబులోనే ఉంది. ఎమ్మెట్ గడిలో చుట్టి రాసిన మూడు అంకె, మూడో ఔట్ గుర్తు... పెన్సిల్ గీత ఇంకా మెరుస్తోంది. పక్క పేజీ ఎదుటి జట్టుది. నిన్నటిదాకా ఖాళీగా ఉన్న గడిలో ఒక పేరు.

వెండెల్ ప్రాట్.

పేరు పక్కన మూడు గీతలు గీసి ఉన్నాయి. మొదటి బేస్, రెండో బేస్, మూడో బేస్. హోమ్ ప్లేట్‌కు చేర్చే నాలుగో గీత లేదు.

"నా పేరు... ఆ జట్టులో ఎందుకు?" గుసగుసలాడాడు.

"మీరెప్పుడూ మావాళ్లు కాదు గదా సార్," అన్నాడు హైరమ్.

వెండెల్ గుండె దడదడలాడింది. బయటపడదామని తలుపు వైపు అడుగేశాడు. ఆయనవి తోలు బూట్లు, నున్నటి అడుగులు. కింద మెత్తటి తివాచీ. అయినా ఆయన పాదాల కిందే ఇనుప మేకుల చప్పుడు.

టక్... టక్...