వెనక గోడ మీద మూడు దెబ్బలు

చీకటి పడ్డాక ఆ రేకుల షెడ్డు వైపు ఎవరూ వెళ్ళరు. రాత్రి ఏడున్నర అయ్యేసరికి దాని వెనక గోడ మీద ఎవరో కొడతారు. టక్... టక్... టక్. మూడే దెబ్బలు. చుట్టూ తిరిగి చూస్తే మనిషి ఉండడు.

నాకీ సంగతి చెప్పింది ఆ షెడ్డు వడ్రంగే. నేను రంగులేసేవాణ్ణి. దెయ్యాలంటే నవ్వేవాణ్ణి. నవ్వేవాణ్ణి అంటున్నాను, గమనించండి.

షెడ్డు అన్నదమ్ములిద్దరిదీ. అన్న ముందుగా పని ముగించి, స్నానం చేసి, ఏడున్నరకి వెనక రేకు మీద మూడు దెబ్బలు కొట్టేవాడు. అది భోజనానికి పిలుపు. మిషన్ల రొదలో నోటి మాట వినబడదు కదా! లోపల తమ్ముడున్నా, పనివాళ్ళున్నా, అందరికీ అదే పిలుపు. ఒక్కడు మిగిలిపోయినా ఊరుకోడు, మళ్ళీ కొట్టేవాడు. నేనూ ఆ ఇంట్లో ఎన్నోసార్లు తిన్నాను.

ఒక రాత్రి అన్న కొట్టాడు. "రెండు నిమిషాలన్నయ్యా!" అని అరిచి తమ్ముడు పనిలో పడ్డాడు. ఈలోగా ఊగుతున్న పైరేకు బిగిద్దామని అన్న ఒక్కడే నిచ్చెన ఎక్కాడు...

పడిన చప్పుడు కూడా మిషన్ రొదలో వినబడలేదట.

తమ్ముడు ఏడవలేదు. మూడో రోజుకే ఉలి పట్టుకున్నాడు.

"ఏడ్చెయ్ నాయనా... లోపల దాచుకోకు," అంది వదిన.

"రావడం లేదు వదినా."

ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాడట.

ఆ వారమే దెబ్బలు మొదలయ్యాయి. పనివాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. తమ్ముడికి మాత్రం భయం వేయలేదు. అసలేమీ అనిపించలేదు. కానీ ఆ మూడు దెబ్బలు పడగానే చెయ్యి ఆగిపోయేది. మళ్ళీ తెల్లారేదాకా పని సాగేది కాదు. వదినా, ఆమె ఇద్దరు పిల్లలూ బతకాల్సింది ఇక ఆ చేతి మీదే.

అందుకని షెడ్డు లోపల ఇంకో గది కట్టాడు. చెక్క చట్రం, రెండు వైపులా ప్లైవుడ్, మధ్యలో చప్పుడు ఆపే దూది, మీద కప్పు, మందపాటి తలుపు. రేకుకీ గది గోడకీ మధ్య జానెడు ఖాళీ. ఆ పద్ధతి అన్న నేర్పిందే. చలికి రేకు చెమరుస్తుంది, చెక్కకి తగలనివ్వకురా అనేవాడు. అన్న చెప్పిన కొలతతోనే అన్న పిలుపుకి అడ్డం కట్టాడన్నమాట.

గది పూర్తయిన రాత్రి తలుపు మూసి కూర్చున్నాడు. ఈగ వాలినా వినబడేంత నిశ్శబ్దం. ఏడున్నరైంది...

టక్... టక్... టక్.

ఈసారి బయట కాదు. గది గోడలోనే — సరిగ్గా తల పక్కన!

వాడు నింపాదిగా లేచి, ఆ చోట ప్లైవుడ్ ఊడదీసి, దూది లాగి, లైటు వేసి చూశాడు. లోపల జానెడు చెక్క ముక్క. మొదటి రోజు చట్రం పడిపోకుండా రేకుకి ఆనించి తనే బిగించిన ఊతం. తీయడం మరిచిపోయాడు. పగలు ఎండకి కాగిన రేకు రాత్రి చల్లబడి ముడుచుకుంటూ చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు చెక్క గుండా లోపలికొస్తోంది. ఇంతే దెయ్యం!

ఊతం పీకేశాడు. మర్నాడు ఏడున్నరకి ఏమీ వినబడలేదు. ఎనిమిదైంది... తొమ్మిదైంది. లేచి గోడకి చెవి ఆనించాడు. ఏమీ లేదు. అన్నయ్య ఇక పిలవడని అప్పుడు తెలిసిందట. అన్నాళ్ళకి ఏడ్చాడు. తెల్లారగానే ఊతం మళ్ళీ బిగించేశాడు.

ఆ తరవాతే నేను గదికి రంగు వేయడానికి వెళ్ళాను. పని చేసుకుంటూ కథంతా చెప్పాడు.

"అయితే రేకు పిలిస్తే భోజనానికి వెళ్తున్నావన్నమాట," అని ఆటపట్టించాను.

"ఎవరు పిలిస్తేనేం బావా. పిలిచినప్పుడు వెళ్తున్నాను," అన్నాడు. నవ్వలేదు. కోపమూ రాలేదు.

అంతలో టక్... టక్... టక్.

"వస్తున్నానన్నయ్యా," అన్నాడు గొంతు తగ్గించి. ఉలి కింద పెట్టి వెళ్ళిపోయాడు.

చివరి పూత ముగిద్దామని నేను ఉండిపోయాను. కుంచె ముంచుతుంటే డబ్బాలో రంగు చల్లగా గడ్డకట్టినట్టుంది. ఈ చలేమిటా అనుకుంటే అప్పుడు గుర్తొచ్చింది... మూడు రోజులుగా మబ్బు కమ్మే ఉంది. ఎండ పొడ లేదు. ఆ రేకు అసలు కాగనే లేదు.

కుంచె పట్టుకుని అలాగే నిలబడ్డాను. తమ్ముడు ఈపాటికి ఇంట్లో చేతులు కడుక్కుంటూ ఉంటాడు. షెడ్డులో మిగిలింది నేనొక్కణ్ణే.

టక్... టక్... టక్.

"వస్తున్నానన్నా," అన్నాను.