పొద్దుటి చేతులు

“ఇది పనికిరాదండీ,” అంది మందుల షాపు అమ్మాయి.

బోల్టు ముఖం మాడిపోయింది. అతని అసలు పేరు ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు. చదువుకునే రోజుల్లో జేబులో ఎప్పుడూ నాలుగు బోల్టులు గలగలలాడుతుండేవని స్నేహితులు ఆ పేరు ఖాయం చేశారు. ఇప్పుడతను వంటింటి సామాన్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో డిజైనర్. కీళ్ళవాతంతో వేళ్ళు పట్టు తప్పినవాళ్ళు సీసాల మూతలు సులువుగా తీసుకోవడానికి ఒక పరికరం తయారుచేశాడు. ఎనిమిది నెలలుగా దానితోనే లేచి దానితోనే పడుకున్నాడు. అలాంటి మందులు వాడేవాళ్ళంతా వచ్చేది ఈ షాపుకేనని, కౌంటర్ మీద ఒక నమూనా పెట్టించుకుందామని వచ్చాడు.

“వాడి చూడకుండానే పనికిరాదంటే ఎలాగండీ? మీరు కనీసం ముట్టుకోలేదు కూడా!”

“చూస్తే తెలుస్తోందిగా. పక్కన ఈ చిన్న మర దేనికి?”

“మూత సైజుకి తగ్గట్టు బిగించుకోవడానికి. బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని ఇలా తిప్పితే...”

“ఏ వేళ్ళు?”

“బొటనవేలు, చూపుడు...” బోల్టు మాట సగంలో ఆగిపోయింది.

“నొప్పి ఉండేదే అక్కడ. ఆ రెండు వేళ్ళలో పట్టు ఉంటే మూతే తిప్పుకుంటారు కదా, మీ మిషన్ ఎందుకు?”

వెనక వరుసలో ఒక పెద్దాయన కిసుక్కున నవ్వాడు. బోల్టుకు రోషం వచ్చింది. “పన్నెండు మందితో టెస్ట్ చేయించామండీ. అందరూ తీశారు.”

“ఎన్నింటికి?”

“ఐదింటికి. చిన్నవి రెండు, పెద్దవి మూడు.”

“సీసాలు కాదండీ. టైము ఎన్నింటికి?”

“ఓ... పదకొండున్నరకి. కాఫీలు ఇచ్చి, కూర్చోబెట్టి...”

“పదకొండున్నరకి అందరి చేతులూ దారికొస్తాయి. పొద్దున ఆరున్నరకి టెస్ట్ చేసి రండి, అప్పుడు మాట్లాడదాం. తర్వాత ఎవరండీ?”

అతను రుసరుసలాడుతూ ఇంటికెళ్ళాడు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఉంటున్నది పెద్దమ్మ ఇంట్లో. ఆవిడ ముప్ఫై ఏళ్ళు స్కూల్లో డ్రాయింగ్ చెప్పి రిటైరైంది. బొటనవేళ్ళ కీళ్ళు వాచి ఇప్పుడు బ్రష్ పట్టుకోవడం తగ్గించింది. అసలు ఈ పరికరం ఆలోచన అతనికి ఆవిడ చేతులు చూసే వచ్చింది.

మర్నాడు ఆరున్నరకి పక్క మీద నుంచి లేచిన పెద్దమ్మ చేతిలో జామ్ సీసా, పరికరం పెట్టాడు. ఆవిడ మరను తిప్పబోయింది. అది కదల్లేదు. ఇంకోసారి చూసి, పెదవి కొరుక్కుని, రెండూ బల్ల మీద పెట్టేసింది.

“ఇన్నాళ్ళూ బాగుందన్నావుగా పెద్దమ్మా?”

“నువ్వు ఇచ్చింది మధ్యాహ్నాలు కదరా. పైగా నీ మొహం చూస్తే బాగాలేదనడానికి నోరు రాలేదు.”

బోల్టు ఆ మరను ఊడబీకి చెత్తబుట్టలో పడేశాడు.

అక్కణ్ణుంచి వారానికి ఒక కొత్త నమూనాతో షాపుకు వెళ్ళడం మొదలైంది. రెండోది బరువన్నది ఆమె. మూడోది తిప్పినప్పుడు సీసా కూడా దానితోపాటే తిరుగుతోందని, సీసాను పట్టుకోవడానికి మూడో చెయ్యి కూడా అమ్ముతారా అని అడిగింది. నాలుగోదాన్ని మాత్రం చాలాసేపు చూసింది. అది చేత్తో పట్టుకునేది కాదు. వంటింటి అలమరలో అర కింది వైపున బిగించేది. పళ్ళున్న రెండు ఉక్కు పట్టీలు ఒక మూల నుంచి తెరిచిన కత్తెరలా విచ్చుకుని ఉంటాయి. ఎంత మూత అయినా వాటి మధ్య ఏదో ఒకచోట ఇరుక్కుంటుంది. సీసాను కింద నుంచి రెండు అరచేతులతో పట్టి, ఒంటి బరువుతో తిప్పితే సరి. వేళ్ళకు పనే లేదు.

“ఇది వేళ్ళని అడగడం లేదు,” అంది ఆమె. “బాగుంది.”

బోల్టుకు ఆ పూట కాళ్ళు నేల మీద ఆనలేదు. పని అయిపోయింది, ఇక షాపుకు వెళ్ళాల్సిన అవసరం లేదు. అయినా దగ్గు లేకుండానే దగ్గు బిళ్ళలు కొనడం మొదలుపెట్టాడు.

“ఇన్ని బిళ్ళలు తింటే అసలు దగ్గు వచ్చినా పనిచేయవు, బోల్టు గారూ,” అంది ఆమె ఒక సాయంత్రం, చీటీ మీద నుంచి తల ఎత్తకుండానే.

“ఆ పేరు మీకెవరు చెప్పారు?”

“డ్రాయింగ్ టీచర్ గారు. మందులకి వచ్చినప్పుడల్లా మీ గురించి ఒక చాప్టర్ చెప్తారు.”

ఎన్ని చాప్టర్లు అయ్యాయో అడిగే ధైర్యం అతనికి లేకపోయింది.

పరికరాన్ని పెట్టి అమ్మే అట్టపెట్టె నమూనా వచ్చిన రోజున మొట్టమొదట ఆమెకే చూపించాడు. నెరిసిన జుట్టావిడ నవ్వుతూ సీసా పట్టుకున్న బొమ్మ, కింద పెద్ద అక్షరాల్లో ‘వృద్ధుల కోసం ప్రత్యేకం’.

“ఈ మాట తీసెయ్యండి,” అంది ఆమె.

“ఎందుకండీ? వాడేది ముసలివాళ్ళేగా! మన వయసువాళ్ళు ఇది కొనుక్కుంటే అందరూ నవ్వరూ?” అని తనే ముందుగా నవ్వాడు.

ఆమె నవ్వలేదు. పెట్టెను కౌంటర్ మీద అతని వైపు జరిపింది. “తర్వాత ఎవరండీ?”

తర్వాత ఎవరూ లేరు. షాపులో ఉన్నది అతనొక్కడే.

నాలుగు రోజులు వెళ్ళి వచ్చాడు. మందు పేరు చెబితే మందు ఇచ్చింది. అంతకు మించి ఒక్క మాట లేదు. ఐదో రోజున పెద్దమ్మ దగ్గర కూలబడ్డాడు.

“నేనేమన్నానో నాకే తెలీడం లేదు.”

పెద్దమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. “వెళ్ళి అడుగు. పొద్దున్నే వెళ్ళు, షాపు తెరిచే టైముకి. అప్పుడు జనం ఉండరు.”

మర్నాడు ఏడున్నరకి వాన పడుతోంది. బోల్టు గొడుగు వేసుకుని రోడ్డుకు అవతల నిలబడ్డాడు. ఆమె షట్టర్ ముందు వంగి ఉంది. తాళంచెవిని రెండు అరచేతుల మధ్య ఇరికించి, మోచేతులతో సహా తిప్పుతోంది. తాళంచెవి జారి నీళ్ళలో పడింది. తీసుకోవడానికి వేళ్ళు ముడుచుకోలేదు. చెప్పు కొనతో గోడ దాకా నెట్టి, గోడకు ఆనించి పైకి జరుపుకుంటోంది.

అతను మరేమీ ఆలోచించలేదు. పరుగున వచ్చి, తాళంచెవి లాక్కుని, తాళం తీసి, షట్టర్‌ను ఒక్క ఊపులో పైకి ఎత్తేశాడు. ఆమె మెచ్చుకుంటుందని చూశాడు.

“మిమ్మల్ని ఎవరు తీయమన్నారు?” అంది ఆమె.

“అది... మీకు...”

“నాకే. కీళ్ళవాతం ఇరవై నాలుగో ఏట మొదలైంది. ఇప్పుడు ఇరవై తొమ్మిది. ముసలివాళ్ళ జబ్బు కదూ? నవ్వండి మరి.”

బోల్టు తాళంచెవిని ఆమె అరచేతిలో పెట్టాడు. పెట్టె చూపించిన రోజు నవ్విన తన మొహమే గుర్తొచ్చింది.

“క్షమించండి,” అన్నాడు. “అది తెలివితక్కువ మాట. జబ్బు గురించి ఎనిమిది నెలలు చదివాను. ఏ వయసులో అయినా వస్తుందని కూడా చదివాను. చదివింది చదివినట్టే ఉండిపోయింది.”

ఆమె లోపలికెళ్ళి లైటు వేసింది. కౌంటర్ వెనక నిలబడి తనే మొదలుపెట్టింది.

“ఇదివరకు నా జీవితంలో ఒకాయన ఉండేవాడు. చాలా మంచివాడు. నీళ్ళ సీసా మూత కూడా తనే తీసిచ్చేవాడు. ఆరు నెలలయ్యేసరికి, ‘ఈమెకి ఏమీ చేతకాదు, అన్నీ నేనే చూసుకోవాలి’ అని నలుగురిలో చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పగా చెప్పగా నేనూ నమ్మాను. ఆ తాళం తీయడానికి నాకు నాలుగు నిమిషాలు పడుతుందండీ. కానీ తీస్తాను.”

“రేపు కూడా వస్తాను,” అన్నాడు బోల్టు. “తాళం ముట్టుకోను.”

“మరి ఎందుకు రావడం?”

“గొడుగు పట్టుకుంటాను. వాన అందరి మీదా పడుతుంది కదా, అది సాయం కిందికి రాదు.”

ఆమె పెదవుల చివర నవ్వు వచ్చి ఆగింది. రావద్దని మాత్రం అనలేదు.

అతను వచ్చాడు. ఒక చేతిలో గొడుగు, రెండో చెయ్యి ప్యాంటు జేబులో. తాళంచెవి రెండుసార్లు జారిన రోజున జేబులో పిడికిలి బిగించి నిలబడ్డాడే తప్ప కదల్లేదు. మూడో రోజుకే వాన వెలిసింది. అయినా ఆరో రోజు దాకా గొడుగు పట్టుకునే వచ్చాడు. ఎండకని చెప్పాడు. పొద్దున ఏడున్నరకి గొడుగు వేసుకునేంత ఎండ ఎక్కడుందని ఆమె అడగలేదు.

ఆ వారంలోనే మేనేజర్‌తో గొడవపడ్డాడు. ముసలావిడ బొమ్మ లేకపోతే ఎవరి కోసమో జనానికి ఎలా తెలుస్తుందని ఆయన వాదన. అందరి కోసమూ అయినప్పుడు తెలియకపోతే ఏమిటని ఇతని వాదన. చివరికి పెట్టె మీద ఒక సీసా, రెండు అరచేతులు మిగిలాయి. ఆమె పెట్టెను అందుకుని, బొమ్మ కిందున్న మాటను పైకి చదివింది.

“‘వేళ్ళు మొరాయించే పొద్దులకి.’ ఎవరు రాశారు ఇది?”

“నేనే.”

“బోల్టులకి కవిత్వం కూడా వస్తుందా!”

ఆ ఆదివారం పెద్దమ్మ ఆమెను భోజనానికి పిలిచింది. ఇద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఏ మందు కడుపులో మంట పెడుతుందో, ఏ కత్తెర వేళ్ళను కొరుకుతుందో గంటసేపు చెప్పుకున్నారు.

“నాకు మొదటి రోజే తెలుసు,” అంది పెద్దమ్మ. “ముప్ఫై ఏళ్ళు పిల్లలు పెన్సిల్ పట్టుకోవడం చూశాను. నువ్వు బిల్లు రాసేటప్పుడు పెన్ను పట్టు చూడగానే అర్థమైంది.”

“మరి నాకు చెప్పలేదేం?” అన్నాడు బోల్టు.

“చెప్పుకోవాల్సింది తను. మధ్యలో నేనెవర్నిరా? పొయ్యి మీద అన్నం ఉంది. మీరిద్దరూ బాల్కనీలోకి నడవండి, ఇక్కడ అడ్డం.”

బాల్కనీలో ఆరేసిన దుప్పటి ఒకటి గాలికి ఊగుతోంది. బోల్టు దాన్ని పక్కకు జరిపి, మళ్ళీ యథాస్థానానికి జరిపి, ఇంకోసారి జరిపాడు.

“చెప్పండి,” అంది ఆమె. “దుప్పటి అలిసిపోతోంది.”

“మీరంటే ఇష్టం. మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలని ఉంది.”

ఆమె అతని వైపు తిరిగింది. “జాలి కాదు కదా?”

“మొదటిరోజు పదిమంది ముందు నా మిషన్ పనికిరాదన్నారే, అప్పుడు జాలి పడాల్సింది నా మీద. అప్పటి నుంచే మొదలైంది అనుకుంటా.”

“నవ్వించి తప్పించుకోకండి. వినండి. పొద్దున ఒక గంట నేను మంచి మనిషిని కాదు. కొన్ని నెలలు బాగానే ఉంటాను. కొన్ని నెలలు దువ్వెన కూడా పట్టుకోలేను. మందులు జీవితాంతం. రేపు ఇంకా పెరగొచ్చు. ఇదంతా విని, అప్పుడు అడగండి.”

బోల్టు వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పకపోవడమే ఆమెకు నచ్చింది.

“భయంగానే ఉంది,” అన్నాడు. “ఎప్పుడు చెయ్యి వెయ్యాలో, ఎప్పుడు ఊరుకోవాలో నాకు సరిగ్గా తెలీదు. తప్పులు చేస్తాను. మీరు చెప్పాలి. మీకు చెప్పడం బాగానే వచ్చు. అయినా సరే, అడుగుతున్నాను.”

ఆమె తన కుడిచెయ్యి చాపింది. అతను పట్టుకోవడానికి కదిలి, ఎలా పట్టుకోవాలో తెలియక ఆగిపోయాడు. అప్పుడు ఆమే అతని చేతిని వెల్లకిలా తిప్పి, తన చేతిని అందులో ఉంచింది. వేళ్ళ కణుపులు వెచ్చగా ఉన్నాయి.

“ఇలా,” అంది. “నొక్కకూడదు. ఊరికే ఉంచాలి.”

అతను ఊరికే ఉంచాడు.

“మాట్లాడుకోవడం అయిందా, ఇంకా మొదలే పెట్టలేదా?” లోపలి నుంచి పెద్దమ్మ కేక వేసింది.

“అయింది పెద్దమ్మా,” అంది ఆమె, బోల్టు కంటే ముందు.

వంటింట్లో గరిటె చప్పుడు ఒక్క క్షణం ఆగింది.